చెవి ఆపరేషన్‌లో కరిగిపోయే కుట్లు మంచివా, ఉండిపోయే కుట్లు మంచివా?

నరసన్నపేట నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ళ బాబుకి చెవులు రెండూ బయటికి నిలబడి ఉన్నాయి. బడిలో పిల్లలు "చాటచెవులోడు" అని పిలుస్తున్నారు. విశాఖపట్నంలో ఇద్దరు డాక్టర్లకి చూపించారు. ఒకాయన "కుట్లు జీవితాంతం లోపలే ఉంటాయి" అన్నారట. రెండో ఆయన "కరిగిపోయే కుట్లే వేస్తాం, విప్పే పని లేదు" అన్నారట. ఎవరి మాట నమ్మాలి? అలాగే ఇంట్లో అత్తగారికి కమ్మల బరువుకి చెవి తమ్మె తెగి రెండు పాయలైంది, ఆవిడకీ అవే కుట్లు వేస్తారా?

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఒకాయన లోపలి కుట్టు గురించి చెప్పారు, ఇంకొకాయన పైచర్మం కుట్టు గురించి చెప్పారు. బాబు చెవిని వెనక్కి పట్టి ఉంచే లోపలి కుట్టు ఉండిపోయే దారంతో వేస్తాం. చెవి వెనక చర్మాన్ని మూసే కుట్టు కరిగిపోయే దారంతో వేస్తాం. మీ అత్తగారి తమ్మె దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ లోపల కరిగే దారం, పైన కరగని దారం. పైది వారానికి విప్పేస్తాం. కాబట్టి ఏ దారం మంచిది అని కాకుండా, ఆ దారం చెవిలో ఏ పొరని ఎన్నాళ్ళు పట్టుకోవాలి అని డాక్టర్ని అడగండి. మీ సందేహం అక్కడే తీరుతుంది.

నేను విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. ఇరవై ఏళ్ళు దాటింది. తెగిన తమ్మెలు కుట్టడం దాదాపు ప్రతి వారం ఉంటుంది. నిలబడిన చెవుల ఆపరేషన్లు అంత ఎక్కువ ఉండవు, అవి కూడా చాలావరకు వేసవి సెలవుల్లోనే. నా అనుభవంలో చూసింది చెప్తాను. మీ బాబుని చూడకుండా వాడికి ఫలానాదే చేయాలని మాత్రం చెప్పలేను.

లోపలి దారం ఎందుకు ఉండిపోవాలి అన్నది ముందు చూద్దాం. చెవిలో ఉన్నది గట్టి ఎముక కాదు, వంగే మృదులాస్థి. మీ చెవి పైభాగాన్ని వేలితో ముందుకి మడిచి వదలండి. వెంటనే పాత చోటికి వచ్చేస్తుంది. మేం పోరాడేది ఆ మొండితనంతోనే. కొత్త ఆకారంలో మడిచి పట్టుకుంటే చుట్టూ మచ్చకండ (గాయం మానేటప్పుడు పుట్టే గట్టి కండ) గట్టిపడి ఆ మడతని నిలబెడుతుంది. కానీ దానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఈలోగా దారం కరిగిపోతే చెవి మెల్లగా ముందుకి వచ్చేస్తుంది.

"చెవి వెనక చర్మం కొంచెం కోసి లాగి కుట్టేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదు. చర్మం సాగుతుంది. చర్మం బలం మీదే చెవిని వెనక్కి నిలబెడితే నెలలు తిరిగేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా ఆ లాగుడుకి మచ్చ వెడల్పవుతుంది. బరువంతా మృదులాస్థిలో వేసిన కుట్లు మోయాలి. చర్మం ఊరికే మూతలా పడాలి.

చెవి బయటికి నిలబడడానికి ముఖ్యంగా రెండు కారణాలు. అద్దంలో మీ చెవి చూసుకోండి. బయటి అంచుకి కాస్త లోపలగా ఇంకో గట్టు కనిపిస్తుంది, పైకి వెళ్ళి రెండుగా చీలుతుంది. కొందరు పిల్లల్లో ఆ గట్టు సరిగా లేవదు, చెవి పైభాగం చాటలా పరుచుకుపోతుంది. రెండోది, చెవి రంధ్రం చుట్టూ ఉన్న గిన్నె లాంటి భాగం మరీ లోతుగా ఉండి చెవి మొత్తాన్ని తల నుంచి బయటికి నెడుతుంది. చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి, ఒక చెవికి ఒకటి ఎక్కువ, రెండో చెవికి ఇంకొకటి ఎక్కువ. అందుకే రెండు చెవులకీ ఒకే లెక్కన కుట్లు వేస్తే సమంగా రావు.

గట్టు లేవడానికి వేసేదాన్ని ముస్టార్డే కుట్టు అంటారు. 1963లో ముస్టార్డే అనే సర్జన్ వివరించిన పద్ధతి. నిజానికి ఇది మాట్రెస్ కుట్టు, అంటే పరుపు కుట్టు. దూది పరుపు కుట్టే అతన్ని చూసే ఉంటారు. పెద్ద సూది ఇటు దింపి అటు తీసి, మళ్ళీ పక్కనుంచి తెచ్చి ముడి బిగిస్తే దారం పట్టిన చోట నొక్కుకుపోతుంది, పక్కన పరుపు ఉబ్బుతుంది. చెవిలో మేం చేసేదీ అదే. గిన్నెని చెవి వెనక ఉన్న ఎముక మీది పొర వైపు లాగి పట్టే దాన్ని ఫర్నాస్ కుట్టు అంటారు, అది 1968 నాటిది. ఒక్కో చెవికి ముస్టార్డే కుట్లు మూడో నాలుగో, ఫర్నాస్ కుట్లు రెండో మూడో పడతాయి.

ఆపరేషన్ థియేటర్‌లో ఎలా జరుగుతుందో చెప్తాను, తల్లిదండ్రులకి తెలిస్తే భయం తగ్గుతుంది. పిల్లాడికి పూర్తి మత్తు ఇస్తారు. నేను చెవిని వేలితో వెనక్కి నెట్టి మడత ఎక్కడ లేవాలో చూసుకుంటాను. ఆ మడతకి అటూ ఇటూ నీలిరంగులో ముంచిన సన్నటి సూదిని ముందువైపు నుంచి వెనక్కి గుచ్చుతాను. చెవి వెనక చర్మం తెరిచాక మృదులాస్థి మీద నీలి చుక్కలు కనిపిస్తాయి. కుట్టు పడాల్సిన చోట్లు అవే. ఇక్కడ చేతికి తెలియాల్సింది ఒకటుంది. సూది మృదులాస్థిని పూర్తిగా పట్టాలి, దాని ముందువైపు పల్చటి పొరనీ పట్టాలి, ముందు చర్మాన్ని మాత్రం తగలకూడదు. పొరని పట్టకపోతే ముడి బిగించగానే దారం మృదులాస్థిని కోసుకుంటూ వచ్చేస్తుంది. చర్మాన్ని తగిలితే అక్కడ గుంట పడుతుంది, చీము పట్టడానికీ దారి అవుతుంది. అందుకే సూది దూర్చిన ప్రతిసారీ చెవి ముందువైపుకి తిప్పి చూసుకుంటాను.

కుట్లన్నీ వేశాక గానీ ఒక్క ముడీ బిగించను. అన్నీ వదులుగా ఉంచి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా లాగుతూ, పక్కనుంచి ఒకసారి, తల దగ్గర నిలబడి ఒకసారి చూస్తాను. తల నుంచి చెవి అంచు ఎంత దూరంలో ఉందో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల స్కేలుతో కొలుస్తాను. మధ్య కుట్టు ఎక్కువ బిగిస్తే చెవి మధ్య లోపలికి పోయి పైనా కిందా బయటికి ఉంటాయి, పాతకాలం టెలిఫోన్ రిసీవర్‌లా. ఫర్నాస్ కుట్టు కాస్త ముందుకి పడితే చెవి రంధ్రం ఇరుకవుతుంది. ఏ దారం వాడారన్న దానికంటే ఇవి చాలా పెద్ద విషయాలు.

ఇక దారం సంగతి. డాక్టర్లు "ఫోర్ జీరో", "సిక్స్ జీరో" అనడం వింటారు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నం. మన పొందూరు ఖద్దరు నేసేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కౌంటు పెరిగితే నూలు సన్నబడినట్టే. 4-0 దారం మందం మిల్లీమీటరులో ఆరోవంతు. 6-0 దారం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు, ఇంచుమించు వెంట్రుకంత. మృదులాస్థికి 4-0 వాడతాం, ముఖం చర్మానికి, తమ్మె ముందువైపుకి 6-0.

ఉండిపోయే దారాల్లోనూ రెండు రకాలు. సన్నటి పోగుల్ని జడలా అల్లిన పాలిస్టర్ దారం ఒకటి, మెర్సిలీన్, ఎథిబాండ్ లాంటివి. ముడి బాగా నిలుస్తుంది. కానీ పోగుల సందుల్లో క్రిములు చేరితే బయటికి పంపడం కష్టం. రెండోది ఒంటిపోగు దారం, నైలాన్, ప్రోలీన్ లాంటివి. క్రిములకి చోటివ్వదు గానీ నున్నగా జారుతుంది. ముళ్ళు ఎక్కువ వేయాలి, కత్తిరించిన కొస గట్టిగా ఉండి చర్మం కింద గుచ్చుకోవచ్చు. నేను ఎక్కువగా తెల్ల పాలిస్టర్ దారమే వాడతాను. రంగు దారమైతే చెవి వెనక పల్చటి చర్మం కింద నీడలా కనిపించే అవకాశం ఉంది.

రెండో డాక్టరు గారు లోపల కూడా కరిగే దారమే వేస్తానని అన్నారేమో, అప్పుడు అది ఏ దారమో అడగండి. పీడీఎస్ అనే దారం ఉంది. మెల్లగా బలం తగ్గుతూ పూర్తిగా కరగడానికి ఆరు నెలల పైన పడుతుంది. పిల్లల మృదులాస్థి ఇంకా మెత్తగా ఉంటే దానితో చేసి మంచి ఫలితం తెచ్చేవాళ్ళు ఉన్నారు, తప్పు పట్టలేం. కానీ వైక్రిల్ లాంటిది ఆ పనికి చాలదు. దాని బలం మూడు వారాలకే సగం అవుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి నేనైతే ఉండిపోయే దారమే వేస్తాను.

"జీవితాంతం లోపల దారం ఉంటే ఏమీ కాదా?" అనేది మీ అసలు భయం అనుకుంటాను. చాలామందిలో ఏమీ కాదు, వాళ్ళకి గుర్తు కూడా ఉండదు. కొద్దిమందిలో ముడి బయటికి తోసుకొస్తుంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకి చెవి వెనక చిన్న కురుపు లేచింది. వాళ్ళ నాన్నగారు మొత్తం పాడైపోయిందని చాలా టెన్షన్ పడుతూ తీసుకొచ్చారు. చూస్తే కురుపు మధ్యలో తెల్లటి ముడి కనిపిస్తోంది. తిమ్మిరి ఇంజెక్షన్ వేసి, ముడి పట్టుకుని పక్కన కత్తిరించి లాగేస్తే దారం వచ్చేసింది. ఐదు నిమిషాల పని. చెవి ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు, అప్పటికే లోపల మచ్చకండ పని పూర్తిచేసింది. ఇదే రెండో నెలలో జరిగి ఉంటే అంత నిశ్చింతగా చెప్పేవాణ్ణి కాదు.

చెవి వెనక చర్మానికి పాకుడు కుట్టు వేస్తాం, ఒకే దారం అంచుల లోపల్లోపలే వెళ్ళి చివర ముడిపడుతుంది. దానికి మోనోక్రిల్, వైక్రిల్ రాపిడ్ లాంటి కరిగే దారం చాలు. పిల్లాణ్ణి మళ్ళీ పడుకోబెట్టి చెవి వెనక కుట్లు విప్పడం వాడికీ మాకూ యాతన కాబట్టి కరిగేది వేస్తాం, అంతే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: మొదటి రెండు రోజులు. కుట్టు ఎంత బాగా వేసినా లోపల రక్తం గూడుకడితే చెవి పాడవుతుంది. ఆపరేషన్ అయిన రాత్రి రెండు చెవులూ కొంచెం సలపడం మామూలే. ఒకే చెవి నొప్పి గంట గంటకీ పెరుగుతుంటే, మాత్ర వేసినా తగ్గకపోతే, కట్టు విప్పి చూడాల్సిందే. ఒకసారి రాత్రి పదకొండుకి వార్డు నుంచి ఫోను. ఎడమ చెవి పట్టుకుని పిల్లాడు ఏడుస్తున్నాడు, కుడి చెవి అంటే బాగానే ఉందంటున్నాడు. వెళ్ళి కట్టు విప్పితే చెవి వెనక నల్లగా ఉబ్బి ఉంది. థియేటర్‌కి తీసుకెళ్ళి పైకుట్టు విప్పి, గడ్డకట్టిన రక్తం కడిగేసి, మళ్ళీ మూశాం. వాడి చెవి చక్కగా వచ్చింది. తెల్లారాక చూద్దాంలే అనుకుని ఉంటే మృదులాస్థి దెబ్బతిని ముడుచుకుపోయేది. అందుకే చెప్తున్నాను, విశాఖలో చేయిస్తే ఆ రోజే బస్సెక్కి నరసన్నపేట వచ్చేయకండి. రెండు రాత్రులు ఆసుపత్రిలో గానీ, దగ్గర్లో ఉన్న బంధువుల ఇంట్లో గానీ ఉండండి. మూడో రోజు తర్వాత నొప్పి, ఎరుపు, జ్వరం కొత్తగా మొదలైతే అది చీము లక్షణం. అప్పుడు కూడా ఆగకూడదు.

కట్టు విప్పాక నెల, నెలన్నర పాటు రాత్రుళ్ళు తలకి బ్యాండ్ కట్టుకుని పడుకోవాలి. నిద్రలో చెవి ముందుకి మడతపడితే కుట్టు తెగొచ్చు. క్రికెట్, కబడ్డీ రెండు నెలలు వద్దు.

ఇక మీ అత్తగారి సంగతి. మన వైపు ఇది ఎక్కువ. పెళ్ళినాటి బరువైన బుట్టకమ్మలు ముప్ఫై నలభై ఏళ్ళు రాత్రీపగలూ తీయకుండా వేలాడతాయి. రంధ్రం మెల్లగా సాగి గీతలా అవుతుంది. చివరికి కింద దారమంత చర్మం మిగులుతుంది. ఏ మనవడో ఎత్తుకున్నప్పుడు పట్టి లాగితే అదీ తెగుతుంది. గజపతినగరం నుంచి వచ్చిన ఒక మామ్మ "కమ్మలు నేక నలుగురిలోకి ఎల్లనేకపోతన్నాను బాబూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చూసేవాళ్ళకి చిన్న చీలిక. ఆవిడకి అది పేరంటానికి వెళ్ళాలా మానాలా అన్న ప్రశ్న.

తమ్మెలో మృదులాస్థి ఉండదు, కొవ్వూ చర్మమే. అందువల్ల మొండిగా వెనక్కి లాగేది ఏదీ లేదు, ఉండిపోయే దారంతో పని లేదు. ఇక్కడ చిక్కు వేరే. చీలిక అంచులు ఎప్పుడో మానిపోయి ఉంటాయి. మానిన చర్మం మానిన చర్మానికి అతుక్కోదు. ఎన్ని కుట్లు వేసినా, ఏ జిగురు రాసినా విప్పగానే విడిపోతుంది. ముందు ఆ రెండు అంచుల్నీ సన్నగా చెక్కి పచ్చి చేయాలి. అప్పుడు లోపల కొవ్వు పొరలో 5-0 వైక్రిల్‌తో ఒకటో రెండో కుట్లు, ముందు చర్మానికి 6-0 నైలాన్‌తో విడివిడి కుట్లు, వెనక వైపు ఇంకొన్ని. తిమ్మిరి ఇంజెక్షన్‌తో అరగంట పని, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదట్లో అంచులు రెండూ నిటారు గీతలా కలిపి కుట్టేసేవాణ్ణి. కుట్లు విప్పిన రోజు ఎంతో అందంగా ఉండేది. మూడు నెలలకి వచ్చి చూపిస్తే తమ్మె కింది అంచులో చిన్న నొక్కు! మచ్చ మానుతూ ముడుచుకుంటుంది, నిటారు గీత పొట్టిదై అంచుని పైకి లాగుతుంది. అప్పటి నుంచి కింది అంచు దగ్గర నిలువు మాట్రెస్ కుట్టు వేసి, అంచులు కాస్త బయటికి ఉబ్బి ఉండేలా బిగిస్తున్నాను. ముడుచుకున్నాక ఆ ఉబ్బు సమం అవుతుంది. పూర్తిగా తెగిన తమ్మెకి కొన్నిసార్లు గీతని వంకర తిప్పి కుడతాను. కాబట్టి కుట్లు విప్పిన రోజు అంచు కొంచెం ఉబ్బుగా కనిపిస్తే కంగారు పడకండి.

తెగిన తమ్మెలు కలపడం మన దేశంలో చాలా పాత విద్య. సుశ్రుతుడు చీలిన తమ్మెలు కలపడానికి పదిహేను పద్ధతులు చెప్పాడు, జనపనార, వెంట్రుక, స్నాయువు లాంటి వాటిని కుట్టు దారాలుగా పేర్కొన్నాడు. తమ్మెలు ఒక్కొక్కరికి ఒక్కోలా చీలుతాయని ఆయన గమనించడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

మీ అత్తగారికి షుగర్ ఉంటే ముందే చెప్పండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. చుట్ట అలవాటు ఉన్నా దాచకండి. మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గుపడతారు. పొగ వల్ల చర్మానికి రక్తం తగ్గి కుట్టు సరిగా మానదు. ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట గానీ, దెబ్బ తగిలిన చోట గానీ మచ్చ గడ్డలా పెరిగే తత్వం ఉంటే, దాన్ని కీలాయిడ్ అంటారు, అది బాబు విషయంలోనూ అత్తగారి విషయంలోనూ తప్పకుండా చెప్పాలి. చెవి ఆ గడ్డలకి ఇష్టమైన చోటు.

కుట్టు మీద పసుపు, సున్నం, కొబ్బరినూనె ఏవీ పెట్టొద్దు. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ చాలు. కుట్లు విప్పేదాకా తలస్నానం ఆపండి.

మళ్ళీ రంధ్రం ఎప్పుడు? మన మాటలో చెవి కుట్టడం అంటే రంధ్రం పెట్టడమూ అదే, తెగితే కలపడమూ అదే. అందుకే కొందరు ఆపరేషన్‌తో పాటే కొత్త రంధ్రం కూడా వచ్చేస్తుందనుకుంటారు. ఏటా సిరిమానోత్సవానికి పది రోజుల ముందు వచ్చి పండక్కి కమ్మలు పెట్టుకోవాలి, కుట్టేయండి అనేవాళ్ళు ఉంటారు. కుదరదు. కుట్టిన చోట గట్టిపడడానికి కనీసం మూడు నెలలు ఆగాలి. కొత్త రంధ్రం పాత గీత మీద పెట్టకూడదు, పక్కన మంచి చర్మంలో పెట్టాలి. మొదటి కొన్ని నెలలు తేలికపాటి దుద్దులు మాత్రమే. ఆ తర్వాత బుట్టకమ్మలు పెట్టుకోవాలనిపిస్తే చెంపసరాలో మాటీలో తగిలించుకుని బరువు కొంత జుట్టు మీదికి మళ్ళించమనండి. రాత్రి తీసేసి పడుకోమనండి.

బాబు విషయంలో తొందరపడాల్సిన పని లేదు. ఐదారేళ్ళకే చెవి పెద్దవాళ్ళ చెవి సైజుకి దగ్గరగా వచ్చేస్తుంది, కాబట్టి తొమ్మిదేళ్ళకి చేయిస్తే ఎదుగుదల ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు. వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, నీకు కావాలా అని అడగండి. కావాలన్న పిల్లాడు నెలన్నర బ్యాండ్ కట్టుకుంటాడు. బలవంతంగా తెచ్చిన పిల్లాడు నిద్రలో పీకేస్తాడు. వాడు సరేనంటే పరీక్షలు అయిపోయిన వారంలో పెట్టుకోండి.

అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు రెండో చెవి కూడా చూపించండి. ఒకటి తెగిందంటే రెండో తమ్మెలో కూడా రంధ్రం సాగే ఉంటుంది. దాని కింద మిగిలిన చర్మం గోరు మందం కూడా లేకపోతే, తెగేదాకా ఆగకుండా రెండూ ఒకే రోజు కుట్టించేయండి. ఈలోగా ఆ చెవికున్న కమ్మ ఇవాళే తీయించండి.